బదులు

ఎనిమిది నెలలు.
ఎవ్వరికీ చెప్పలే, ఇంట్లో ఆయనకు కూడా.
పాస్టరమ్మ నోట్లో ప్రార్థన ఎండిపోయిందంటే
నారాయణపేట మొత్తంల ఎవరు నమ్ముతరు?

నమ్మకుండ నేనే చేసిన మరి.
పొద్దుగాల అయిదింటికి లేచిన,
చాప గీతలు మోకాళ్ళ మీద అచ్చువడేదాక కూసున్న.
పెదవులాడినయి.
లోపల, కరెంటు పోయిన పిండిగిర్ని.

మంచాన పడ్డోళ్ళ నొసట నూనె రాసిన.
మనుమనికి జరం దిగిందని శంకరమ్మ సాక్ష్యం చెప్తే
అందరితోటి నేనూ చప్పట్లు కొట్టిన.
నా ప్రార్థనేనంట!
ఆ పిలగాని తల మీద చెయ్యి పెట్టి
గ్యాసు ఇంకెన్ని దినాలొస్తదో
లెక్క చూసుకుంటున్న ఆ పొద్దు, నిజం చెప్పాలంటే.

దుఃఖమైతే బాగుండు,
దుఃఖానికి కీర్తనలున్నయి.
పాపమైతే బాగుండు, ఒప్పుకుంటే ఒడుస్తది.
ఇది రెండూ కాదు.
జొన్న కోసినంక చేను ఉన్నట్టు
కొయ్యకాళ్ళు నిలవడి ఉన్నయి, అంతే.

మంచి శుక్రవారం
ఏడు మాటలు ఏడుగురికి పంచితే
అయిదోది నాకొచ్చింది. దప్పిక మాట.
చెమటల, అట్టముక్కల విసురుళ్ళ నడుమ
పావుగంట చెప్పిన.
దిగి వచ్చి స్టీలు గ్లాసు నిండ నీళ్ళు తాగిన,
ఆయనకు దొరకని నీళ్ళు.
గొంతు తడిసింది. మాట తడవలే.

మే నెల. బండల గోడలు
రాత్రి పదింటికి కూడా పెనం లెక్క.
ఒక్క రింగు మోగి ఆగింది ఫోను.
జములమ్మ.
పుణె కాడ ఏదో పదకొండంతస్తుల కింద రేకుల షెడ్డు.
ఇప్పుడు అందరికీ ప్యాకేజీలున్నయి గాని
ఆమెకు మిస్డ్ కాల్ అలవాటు పోలే.
గద్వాల దేవత పేరు ఆమెది. బాప్తిస్మం నాడు
మార్చుదామంటే, "మా అవ్వ పెట్టింది,
దేవునికి తెలుస్తదిలే" అన్నది.

"అమ్మా, నడుము పట్టేసింది.
రేపు స్లాబు ఉన్నది. జర ప్రార్థన చెయ్యి."

కండ్లు మూసుకున్న.
"దయగల తండ్రీ" అన్న.
తర్వాతి మాట రాలే.
రోజూ వచ్చేదే,
మోపుల కట్టెల లెక్క వరుసగుండేదే, రాలే.
ఆ పక్క సలాకలు దించుతున్న చప్పుడు,
ఎవరో మరాఠీల ఒర్రుతుండ్రు.

"అమ్మా, ఉన్నవా?"
"ఉన్న."
"ఏడుస్తున్నవా?"
"లేదు జములమ్మా. ఏడుపు కూడా వస్తలే."

ఎందుకు చెప్పిన్నో.

"జర ఆగు" అన్నది.
పక్కన ఎవల్నో "సప్పుడు జేయకుండ్రి" అని తిట్టింది.
చేతులు కొంగుకు తుడుచుకున్నట్టుంది.
వేలిముద్ర మనిషి, మొదలువెట్టింది:
"యేసయ్యా, మా అమ్మ అలిసిపోయింది.
ఎందరికని అడుగుతది ఒక్కతే?
ఇయ్యాల ఆమె తరపున నేనడుగుతున్న.
ఏం కావాల్నో నాకు తెల్వది, నీకు తెలుసు గద.
నా నడుము సంగతి రేపు చూద్దాం తియ్యి."

నవ్వొచ్చింది.
ఎనిమిది నెలల ఎండు గొంతులకెళ్ళి
దగ్గు లెక్క వచ్చింది.
దాని ఎనక, ఆమెన్.
అన్నది నేనే.

పుస్తకాల తెలుగుల బదులంటే జవాబు.
మా దిక్కు బదులంటే
గిన్నె పట్టుకొని పక్కింటికి పోవుడు.
ఇన్ని దినాలు మొదటిదాని కోసం
తలుపేసుకొని కూసున్న.

ఇది కూడా చెప్పాలె:
తెల్లారి మోకాళ్ళేస్తే మళ్ళా పిండిగిర్నే.
వానా లేదు, మబ్బూ లేదు.
ఒక్క మాట మాత్రం ఉన్నది నోట్లో:
జములమ్మ నడుము.
వేరే ఏం అనలే.
అదే నాలుగు సార్లు అన్న.

రాత్రి పదింటికి
ఫోను ఒక్కసారి మోగి ఆగింది.
పొయ్యి మీది పాలు దించి
నేనే చేసిన.